అప్‌డేట్: ఇంటి కంప్యూటర్‌కి ఫైర్‌వాల్ కొనలేదు, ఉన్నదే సరిచేసుకున్నా

విండోస్ 11 ఉన్న మా ఇంటి కంప్యూటర్‌కి డబ్బు పెట్టి ఫైర్‌వాల్ (కంప్యూటర్‌కీ నెట్‌కీ మధ్య రాకపోకల్ని అదుపు చేసే సాఫ్ట్‌వేర్) కొనాలా, ఉచితంగా దొరికేది సరిపోతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన వాళ్లందరికీ చాలా థ్యాంక్స్. చివరికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఫైర్‌వాల్‌తోనే ఉండిపోయాను.

మనం అడగకుండా బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అది ఎలాగూ ఆపేస్తుంది. 2004లో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్ దగ్గర్నుంచి ఆన్‌లోనే వస్తోంది. లోపలి ప్రోగ్రాములు బయటికి వెళ్తుంటే మాత్రం మామూలుగా అడ్డు చెప్పదు. నా బెంగంతా దాని గురించే.

అందుకే ముందు, ప్రోగ్రాములు బయటికి వెళ్లకుండా ఆపగలిగే సింపుల్‌వాల్ వేసి చూశాను. మంచి సాఫ్ట్‌వేరే, ఉచితం కూడా. కానీ కొత్త ప్రోగ్రామ్ నెట్ అడిగినప్పుడల్లా ఒప్పుకోవాలా వద్దా అని పాపప్ వస్తుంది. ఈ కంప్యూటర్ అమ్మ కూడా వాడుతుంది. తెలియని ప్రశ్న కనిపిస్తే కంగారుపడి ఏదో ఒకటి నొక్కేస్తుంది. అలాంటప్పుడు అది ఉండీ లాభం లేదు, తీసేశాను.

ఇప్పుడు డిఫెండర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'అవుట్‌బౌండ్ రూల్స్'కి (బయటికి వెళ్లే కనెక్షన్ల రూల్స్) వెళ్లి, 'న్యూ రూల్', 'ప్రోగ్రామ్' ఎంచుకుని, నెట్ అవసరం లేని పాత వీడియో ఎడిటర్ ఫైల్ చూపించి 'బ్లాక్' పెట్టాను. అది నెట్‌లోకి వెళ్లడం వెంటనే ఆగింది. ఒక్క జాగ్రత్త: రూల్ ఫైల్ ఉన్న చోటుని బట్టి పనిచేస్తుంది. అప్‌డేట్ తర్వాత ప్రోగ్రామ్ వేరే ఫోల్డర్‌లోకి మారితే రూల్ మళ్లీ రాయాల్సిందే.

నెట్‌వర్క్‌ని 'పబ్లిక్'లో (అదే నెట్‌వర్క్‌లోని వేరే పరికరాలకు మన కంప్యూటర్ కనిపించకుండా ఉంచే సెట్టింగ్) పెట్టమని మీలో కొందరన్నారు, అదీ చేశాను. మాకు ఫైల్ షేరింగ్‌తో పని లేదు.