బెంటొనైట్ కాలమ్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఎందుకు నిలవడం లేదు?

పొడిమట్టి:
నమస్కారం. బయోగ్యాస్‌లోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ తీసేయడం నా ప్రాజెక్టు. గాజు కాలమ్‌లో బాగా ఆరబెట్టిన బెంటొనైట్ (పొరలు పొరలుగా ఉండే బంకమట్టి) గుళికలు నింపాను. గ్యాస్‌ను ముందుగా సిలికా జెల్ మీదుగా పంపి తేమ కూడా తీసేస్తున్నాను. అయినా ఈ గ్యాస్ జాడ తెలియడానికి బయటి కొసన పెట్టిన లెడ్ అసిటేట్ కాగితం కాసేపటికే గోధుమరంగుకు తిరిగి నల్లబడుతోంది. పొరల మధ్య అంత చోటున్నా గ్యాస్ ఎందుకు ఆగట్లేదు? హైడ్రోటాల్సైట్ అనే మరో పొరల ఖనిజానికి మారమంటారా?

కాలమ్‌మనిషి:
పొరలున్నంత మాత్రాన సల్ఫర్ అంటుకోదండీ. బెంటొనైట్‌లోని పొరలకు రుణావేశం ఉంటుంది, వాటి మధ్య సోడియం, కాల్షియం అయాన్లు ఉంటాయి. ఇవి సల్ఫైడ్‌ను గట్టిగా పట్టుకోలేవు. పట్టుకునేవి రాగి, జింక్, ఇనుము. ఆ లోహాన్ని పలచగా పరిచి పెట్టడమే పొరల పని.

మీది గాజు కాలమ్ కాబట్టి నేనైతే రాగితో మొదలుపెడతాను. మట్టిని కాపర్ సల్ఫేట్ ద్రావణంలో నానబెట్టి, బాగా కడిగి, ఆరబెట్టండి. లేత నీలంగా ఉంటుంది. గ్యాస్ తగిలిన చోటల్లా కాపర్ సల్ఫైడ్ ఏర్పడి నల్లబడుతుంది. ఆ నల్లటి అంచు ఎంతవరకూ పాకిందో కంటికే కనిపిస్తుంది. కాగితం మారేదాకా ఆగక్కర్లేదు.

ఇక తేమ. సిలికా జెల్ తీసేయండి. గది ఉష్ణోగ్రతలో గ్యాస్ ముందు సన్నటి నీటిపొరలో కరిగి, అయాన్‌గా విడిపోయి, అప్పుడు లోహంతో కలుస్తుంది. అలాగని నీటి చుక్కలు పడనివ్వకండి, మట్టి ఉబ్బి కాలమ్ మూసుకుపోతుంది.

హైడ్రోటాల్సైట్ సంగతి వేరు. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న దాని పొరలకు ధనావేశం, మధ్యలో కార్బొనేట్. క్షారగుణం ఉంది కాబట్టి ఆమ్ల వాయువును లాగుతుంది, నిజమే. కానీ బయోగ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ కూడా ఆమ్ల వాయువే, అదీ మూడో వంతుకు పైగానే ఉండొచ్చు. చోటంతా అదే ఆక్రమిస్తుంది. అందుకే మెగ్నీషియం బదులు జింక్ పెట్టి తయారుచేసి, 400 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చమంటాను. పొరలు కూలి, జింక్ ఆక్సైడ్ అతిసన్నని రేణువులుగా మిగులుతుంది. లెక్క ప్రకారం 81 గ్రాముల జింక్ ఆక్సైడ్ 34 గ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టాలి. చల్లగా ఉన్నప్పుడు రేణువు పైభాగమే పనిచేస్తుంది కాబట్టి అంత రాదు. అందుకే పరిశ్రమల్లో 350 డిగ్రీలకు అటూ ఇటూ నడుపుతారు. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను నైట్రోజన్‌లో కలిపి కొలిచిన అంకెను మాత్రం బయోగ్యాస్‌కు నమ్మకండి. కార్బన్ డయాక్సైడ్‌తో మళ్లీ కొలవండి.

జాగ్రత్త_ముందు:
దయచేసి ముక్కును నమ్ముకోవద్దు. సుమారు 100 పీపీఎం దగ్గర వాసన తెలియడమే ఆగిపోతుంది, మనిషి మాత్రం గ్యాస్ పోయిందనుకుంటాడు. ఇది గాలికంటే బరువు, నేలబారుగా పేరుకుంటుంది. గాలిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, గ్యాస్ మీటర్ పెట్టండి, చివర్లో మిగిలిన గ్యాస్‌ను పీల్చుకునే కాస్టిక్ సోడా ద్రావణం సీసా ఉండాలి. వాడేసిన మట్టిమీద ఆమ్లం పోస్తే పట్టిన గ్యాస్ తిరిగి బయటికొస్తుంది, ముఖ్యంగా జింక్, ఇనుము వాడితే.

పొడిమట్టి:
చాలా థ్యాంక్స్ అండీ. ఇనుము చవక కదా, వాడేసిన దాన్ని గాలి పంపి బాగుచేసి మళ్లీ వాడుకోవచ్చా?

కాలమ్‌మనిషి:
వాడొచ్చు, కానీ గాలిని కొద్దికొద్దిగా, తడి ఆరనివ్వకుండా పంపాలి. ఐరన్ సల్ఫైడ్‌కు ఒక్కసారిగా గాలి తగిలితే వేడెక్కి అంటుకుంటుంది. విడుదలైన సల్ఫర్ రంధ్రాల్లోనే ఉండిపోతుంది కాబట్టి ప్రతి విడతకూ పట్టే శక్తి తగ్గుతూ పోతుంది.