బెంగుళూరా మామిడితో జామ్: పెక్టిన్ పొడి లేకుండా గట్టిపడుతుందా?

తిరుపతి_అమ్మాయి:
బంగారుపాళెం దగ్గర మా మామ తోట నుంచి గోతం నిండా బెంగుళూరా పండ్లు వచ్చాయి, రేటు లేదని ఈసారి చుట్టాలకే పంచేస్తున్నాడు. పిల్లలకు జామ్ చేద్దామని ఉంది. జామ్ గట్టిపడటానికి కలిపే పెక్టిన్ పొడి ఇష్టం లేదు. నాన్నకు షుగర్ కాబట్టి చక్కెర సగానికి తగ్గిద్దామనుకుంటున్నా. కుదురుతుందా?

చిత్తూరు_కోడలు:
పొడి అక్కర్లేదమ్మా. అన్నీ బాగా మాగినవే వేయకుండా నాలుగో వంతు దోరకాయలు కలుపు, పెక్టిన్ వాటిలోనే ఎక్కువ, మాగేకొద్దీ అది విరిగిపోతుంది. కిలో గుజ్జుకు ముప్పావు కిలో చక్కెర, రెండు నిమ్మకాయల రసం. పులుపు చాలకపోతే ఎంతసేపు ఉడికించినా పాకంలాగే జారుతుంది. వెడల్పాటి గిన్నె పెట్టుకో, సగానికి మించి పోయొద్దు, మామిడి గుజ్జు చిక్కబడేకొద్దీ టపటపా చిమ్ముతుంది, చెయ్యి కాలుతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన ప్లేటు మీద ఒక బొట్టు వేసి కాసేపాగి వేలితో తోస్తే ముడత పడాలి, అప్పుడు దించెయ్. థర్మామీటర్ ఉంటే 105 డిగ్రీలు. గిన్నెలోనే గట్టిపడాలని చూస్తే చల్లారాక గరిటె దిగదు!

పీలేరు_అన్న:
చక్కెర తీపి కోసమే కాదు చెల్లీ, నీళ్లను పట్టి ఉంచి బూజు రానివ్వదు. అంగట్లో అమ్మే జామ్‌లో కరిగిన పదార్థం (ఎక్కువగా చక్కెరే) 65 శాతానికి తగ్గకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూలు కూడా ఉంది. సగం వేస్తే పలచగానే ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు వారాల్లో తినేయాలి. అయినా మామిడిపండులోనే బోలెడు తీపి ఉంటే, చక్కెర తగ్గించినంత మాత్రాన నాన్నగారికి మంచిదైపోతుందా?

మదనపల్లె_వంటిల్లు:
మేం బెల్లంతోనే చేస్తాం. రంగు నల్లబడుతుంది గానీ రుచికి తిరుగులేదు.

పీలేరు_అన్న:
రుచికి సరే అక్కా, షుగర్ ఉన్నవాళ్లకు బెల్లమూ చక్కెరా ఒకటే.

తిరుపతి_అమ్మాయి:
సరే, పిల్లలకు మామూలుగానే చేస్తా, నాన్నకు వద్దులే. సీసాల సంగతి?

చిత్తూరు_కోడలు:
గాజువే తీసుకో. పది నిమిషాలు నీళ్లలో మరగబెట్టి, ఆ వేడి మీదే వేడి జామ్ నింపి మూత బిగించు. తెరిచాక ఫ్రిజ్‌లోనే. తడి స్పూన్ పెట్టారో, రెండో రోజే బూజు!