"నైవ దేవా న గంధర్వా": చరకుడి శ్లోకంలో 'స్వయమక్లిష్టం' అంటే ఏమిటి?

ప్రశ్న: ఈ మధ్య ఒక శ్లోకాన్ని బొమ్మ మీద వేసి వాట్సాప్‌లో తెగ పంపుతున్నారు.

నైవ దేవా న గంధర్వా న పిశాచా న రాక్షసాః
న చాన్యే స్వయమక్లిష్టముపక్లిశ్నంతి మానవమ్

కింద తాత్పర్యం: "మానసిక రోగాలకు దయ్యాలు కారణం కాదు. ఎవరి పిచ్చికి వాళ్ళే బాధ్యులు." ఇది సరైన అర్థమేనా? ఎక్కడిది ఈ శ్లోకం?

జవాబు: చరకుడి ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో నిదానస్థానం, ఏడో అధ్యాయం. ఉన్మాదం ఎందుకొస్తుందో చెప్పే అధ్యాయం అది. తాత్పర్యంలో మొదటి వాక్యం దగ్గరగానే ఉంది. రెండోది ఈ శ్లోకంలో లేదు.

పదాలు విడదీస్తే స్వయం, అక్లిష్టం, ఉపక్లిశ్నంతి. క్లేశం ఎరగనిది, నలగనిది అక్లిష్టం. "తనంతట తాను నలిగి లేని మనిషిని దేవతలు గానీ, గంధర్వులు గానీ, పిశాచాలు, రాక్షసులు, ఇంకెవరైనా గానీ బాధించరు" అని అర్థం. రెండు చోట్లా ధాతువు ఒకటే, క్లిశ్. లోపల ముందే ఒక నలుగుడు ఉంటే తప్ప బయటిది వచ్చి మీద పడదని భావం. బాధ్యత, తప్పు అనే మాటలకు ఇక్కడ చోటు లేదు.

అదే అధ్యాయంలో ఉన్మాదాన్ని ఐదు రకాలుగా చెప్పాడు: వాతజం, పిత్తజం, కఫజం, మూడూ కలిసిన సన్నిపాతజం, చివరిది ఆగంతుజం. ఆగంతుజం అంటే బయటి నుంచి వచ్చిపడింది. మన పల్లెల్లో 'గాలి సోకింది' అంటామే, అది. దాన్ని ఒక రకంగా ఒప్పుకుంటూనే ఈ మాట అన్నాడు చూడండి, నాకు అది చాలా పెద్ద సాహసంగా కనిపిస్తుంది. గ్రీసులో ప్రాచీన వైద్యుడు హిప్పోక్రటీస్ పేరున ఉన్న గ్రంథాల్లో కూడా మూర్ఛరోగం గురించి ఇలాగే ఉంది: దీన్ని పవిత్ర రోగం అంటారు గానీ, మిగతా రోగాల కన్నా ఇందులో దైవికం ఎక్కువేమీ లేదని.

ఇంకో సభ్యురాలు: మరి 'వీడికేదో పైత్యం' అంటాం కదా, అది ఈ పిత్తమేనా అండీ?

జవాబు: అదేనండీ. పిత్తం నుంచే పైత్యం. గ్రీకువాళ్ళ 'మెలంకలియా'కు కూడా నల్ల పిత్తం అనే అర్థం. మన వాడుకలో రోగం పోయి వెర్రిమొర్రి చేష్టలకు పేరుగా మిగిలింది.

మొదట అడిగినవారు: కానీ ఆ తర్వాతి శ్లోకాల్లో 'ప్రజ్ఞాపరాధం' అని ఉంది. 'ఆత్మానమేవ మన్యేత కర్తారం సుఖదుఃఖయోః' అని కూడా ఉంది. అపరాధం అంటే తప్పే కదా? బొమ్మ చేసినవాళ్ళు అదే రాసి ఉంటారు.

జవాబు: నిజమే, ఆ మాటలు ఉన్నాయి. ప్రజ్ఞాపరాధం వల్ల రోగం పుట్టినప్పుడు దేవతల్నీ పితరుల్నీ రాక్షసుల్నీ నిందించొద్దని, సుఖదుఃఖాలకు కర్తను తానే అనుకోవాలని చెప్పాడు. ధీ, ధృతి, స్మృతి తప్పినవాడు చేసే చెడు పనే ప్రజ్ఞాపరాధమని శారీరస్థానంలో నిర్వచించాడు. ఇక్కడ నాకు చరకుడితో పేచీ ఉంది. బుద్ధి, నిబ్బరం, జ్ఞాపకం జారిపోవడమే ఈ రోగమైతే, ఆ జారడాన్నే రోగి తప్పుల ఖాతాలో ఎలా రాస్తాం?

కారణం వెతకబోయి దోషిని పట్టుకోవడం మన దగ్గరే జరగలేదు. 1948లో ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్ అనే మానసిక వైద్యురాలు స్కిజోఫ్రీనియాకు (భ్రమలు, లేని మాటలు వినపడడం వంటివి ఉండే తీవ్ర మానసిక రోగానికి) తల్లి పెంపకం కారణమనే అర్థం వచ్చే మాట ఒకటి వాడారు. ఆ భావన తర్వాతి పరిశోధనలో నిలవలేదు. ఈలోగా ఎందరో తల్లులు బిడ్డ రోగంతో పాటు ఆ నిందనూ మోశారు. ఇప్పుడు 'మెదడులో కెమికల్ తగ్గింది' అంటున్నాం. మందులు చాలామందికి మేలు చేస్తాయి. అయినా డిప్రెషన్‌కు సెరటోనిన్ అనే ఆ కెమికల్ తగ్గడమే కారణమని రుజువు కాలేదు. వంశపారంపర్యం కూడా అంతే. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉన్నా రెండోవారికి వచ్చే అవకాశం సగం దగ్గరే, కొన్ని అధ్యయనాల్లో ఇంకా తక్కువ. జన్యువులే అంతా అయితే ఇద్దరికీ రావాలి కదా.

అందుకే 1962లో పాల్ మీల్ అనే మనస్తత్వవేత్త పుట్టుకతో వచ్చే బలహీనతను, బతుకులోని ఒత్తిడిని కలిపి చూడమన్నాడు. 1977లో జార్జ్ ఎంగెల్ అనే వైద్యుడు శరీరం, మనసు, సమాజం మూడింటినీ లెక్కలోకి తీసుకోవాలన్నాడు. నన్నడిగితే 'స్వయమక్లిష్టం' మీల్ మాటకు దగ్గర. లోపలి నలుగుడు, బయటి దెబ్బ, రెండూ ఉన్నాయి అందులో.

చరకుడి చికిత్సాస్థానం కూడా చదవండి. ఉన్మాదానికి కారణాల్లో భయం వల్లనో హర్షం వల్లనో కలిగే 'మనోభిఘాతం' ఉంది, అంటే మనసుకు తగిలిన దెబ్బ. ఇష్టమైనది పోయి మనసు చెదిరినవాడికి అలాంటిదే సమకూర్చి ఊరడించమన్నాడు. మనం 'బెంగ పెట్టుకున్నాడు' అనే మనిషి గురించే ఇది. ఊరడించమన్న వైద్యుడి పేరు పెట్టి 'నీ పిచ్చికి నువ్వే బాధ్యుడివి' అని పంచుకోవడం నాకు బాధగా ఉంది.

ఆ బొమ్మ పంపినవారు మీకు తెలిస్తే, కింది తాత్పర్యం ఇలా మార్చమనండి: "లోపల నలిగి లేని మనిషిని ఏ దేవతా, ఏ దయ్యమూ బాధించదు." ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నవాళ్ళు కూడా ఆ గ్రూపుల్లో ఉంటారు.