అప్‌డేట్: 34 ఏళ్లకి రోటరాక్ట్‌లో చేరొచ్చా అని అడిగింది నేనే

రోటరాక్ట్ అంటే రోటరీ క్లబ్ వాళ్ల యువ సేవా క్లబ్, ముప్పై దాటితే తీసుకోరంటున్నారు, కావలిలో పిల్లల చదువుకి సాయం చేయాలని ఉంది, దారేంటి అని అడిగాను కదా. చేరిపోయానండీ. ఆ 30 ఏళ్ల పరిమితి 2020 జులైలోనే తీసేశారు, 18 నిండితే చాలు. 12 నుంచి 18 ఏళ్ల వాళ్లకి ఇంటరాక్ట్ వేరే ఉంటుంది, నన్ను ఆ పిల్లలకే గైడ్‌గా పెట్టారు.

తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఒక పాప, వాళ్ల నాన్న సముద్రం మీద వేటకెళ్తారు, లెక్కల్లో తనకి తిరుగులేదు గానీ పది తర్వాత చేరే ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీ సీటుకి ఎంట్రన్స్ రాయాలేమో, కోచింగ్‌కి డబ్బుల్లేవని ఆశ వదిలేసుకుంది. పదో తరగతి మార్కుల మీదే ఇస్తారని, ఒంగోలు క్యాంపస్ కూడా ఉందని చెప్తే నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుని కింద రెండు గీతలు గీసుకుంది. ఇలా ఒక్కరి పక్కన కూర్చుని మాట్లాడటమే అసలు సేవ అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఆదివారాలు సైన్స్ చెప్పేవాళ్లు కావాలి, కావలి చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి.