కేర్ హోమ్‌లో తక్కువ మంది పడ్డారని రికార్డు చెబితే నమ్మొచ్చా?

నమస్కారం అండీ, వృద్ధుల కేర్ హోమ్‌లో రికార్డులు చూసే పని నాది, ఒక విషయంలో సలహా కావాలి. పై అంతస్తులో 60 మంది ఉంటారు. పోయిన 30 రోజుల్లో 9 సార్లు పడ్డారు, అంటే 1,800 రెసిడెంట్ రోజులకు (ఒకరు ఒక రోజు ఉంటే ఒక రెసిడెంట్ రోజు) 9, వెయ్యికి 5 అన్నమాట. కింద 40 మంది, పడింది 2 సార్లే, వెయ్యికి 1.7 కూడా రాదు. మేనేజర్ గారు కింది స్టాఫ్‌ని తెగ మెచ్చుకుంటున్నారు. నాకైతే డౌటే. అక్కడి పుస్తకంలో నైట్ డ్యూటీ పేజీలన్నీ ఖాళీ, కానీ ఒక పెద్దావిడ మోచెయ్యి నల్లగా కమిలిపోయి ఉంది, అడిగితే ఎవరూ మాట్లాడరు. రాసినవాళ్లకే చీవాట్లు పడుతుంటే ఇంకెవరు రాస్తారు?

పైగా పైన ఉన్నవాళ్లలో మతిమరుపు జబ్బున్నవాళ్లు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు ఎక్కువ. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయమేనా?

పడకపుండ్లదీ ఇదే గొడవ, హాస్పిటల్ నుంచి పుండుతో వచ్చినవాళ్లనీ మా లెక్కలోనే కలిపేస్తున్నారు. వెయిటింగ్ లిస్టులో అయితే సీటు దొరికేలోపే చనిపోయినవాళ్లను అసలు లెక్కించడం లేదు, అందుకే సీటు కోసం ఎదురుచూసే సగటు కాలం అంత తక్కువ కనిపిస్తోంది.

ఇలాంటి లెక్కలు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, రాయకుండా వదిలేసిన ఘటనలు ఎలా పట్టుకున్నారో కాస్త చెప్పండి ప్లీజ్.