1768లో పుట్టినాయన బర్త్ సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది? అర్జెంట్

సుధ: మధ్యాహ్నం నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. మా అత్తగారు (అమెరికన్) డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్‌లో (అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసినవాళ్ల వారసురాళ్ల సంఘం) చేరతారట. ఆ యుద్ధంలో పనిచేసిన విలియం కొడుకే తమ పూర్వీకుడు జాన్ అని రుజువు చూపాలి. జాన్ 1768లో పుట్టాడని ఇంటి బైబిల్లో రాసుంది, తండ్రి పేరు మాత్రం లేదు. బర్త్ సర్టిఫికెట్ లేదు, 1790 సెన్సస్‌లో అసలు పేరే లేదు. నెట్‌లో వంశవృక్షాలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కో విలియంని తండ్రిని చేసి పెట్టారు. ఇంటిపేరు ఇక్కడ పెట్టను, ఆవిడ ఒప్పుకోరు.

భాస్కర్: అప్పటి బ్రిటిష్ కాలనీల్లో ఏది? ఏ కౌంటీ (జిల్లా)?

లక్ష్మీకాంత్: న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్లు దిగే ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం రికార్డులు చూడండి మేడం. ఓడ పేరుతో సహా ఉంటాయి.

భాస్కర్: అది తెరిచింది 1892లో.

విశ్వనాథం: అమ్మా, ముందు తేదీల సంగతి తేల్చుకోవాలి. 1752 దాకా ఇంగ్లండ్‌లోనూ కాలనీల్లోనూ పాత క్యాలెండరే. కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. వాషింగ్టన్ పుట్టింది అప్పటి లెక్కన 1731 ఫిబ్రవరి 11, ఇప్పటి లెక్కన 1732 ఫిబ్రవరి 22. ఇది తెలియక చాలామంది తల్లి పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు రాసేస్తున్నారు!

సుధ: జాన్ పుట్టింది 1768 అండీ. 1752 తర్వాతే కదా.

విశ్వనాథం: తండ్రి పుట్టింది ముందేగా తల్లీ.

భాస్కర్: కౌంటీ?

సుధ: అయ్యో, చెప్పలేదా? వర్జీనియా, హానోవర్ కౌంటీ.

పద్మజ: అసలు సంగతి ఇప్పుడు చెప్పారు. సుధగారూ, వర్జీనియాలో జననాల రిజిస్ట్రేషన్ 1853లో గానీ మొదలవలేదు. సర్టిఫికెట్ ఆశ వదిలేయండి. 1790 సెన్సస్ జాబితాలు ఆ రాష్ట్రానివి మిగల్లేదు, మిగిలినా ఇంటి యజమాని పేరు తప్ప ఎవరి పేరూ ఉండేది కాదు. హానోవర్ కోర్టు పుస్తకాల్ని అమెరికా అంతర్యుద్ధంలో భద్రంగా ఉంటాయని రాజధాని రిచ్‌మండ్ పంపారు. 1865 ఏప్రిల్ 3 మంటల్లో చాలావరకు అక్కడే కాలిపోయాయి.

మీకు పనికొచ్చేవి 1782 నుంచి ఉన్న పన్ను జాబితాలు. 1787 జాబితాలో 16 దాటి 21 నిండని మగవాళ్ల లెక్క విడిగా ఉంటుంది. అప్పటికి జాన్‌కి 18 లేదా 19. ఆ గడిలో ఎవరూ లేని విలియంలని పక్కన పెట్టండి. తర్వాతి ఏళ్లలో జాన్ సొంత పేరుతో ఎక్కినప్పుడు ఏ విలియం ఇంట్లో ఒకరు తగ్గారో చూడండి. రుజువు కాదు గానీ దారి దొరుకుతుంది.

ఇంకోటి, 1742లో హానోవర్ నుంచి లూయీజా కౌంటీని విడదీశారు, మన దగ్గర 2022లో 13 జిల్లాల్ని 26 చేసినట్టు. కుటుంబం కదలకపోయినా కౌంటీ మారి ఉండొచ్చు. లూయీజా వీలునామాలు, భూమి దస్తావేజులు చూశారా?

సుధ: లూయీజా చూడలేదండీ. పన్ను జాబితాలో విలియం సీనియర్, విలియం జూనియర్ ఇద్దరున్నారు. అంటే తాత, తండ్రీ దొరికినట్టేనా?

పద్మజ: కాదు. ఒకే ఊళ్లో ఒకే పేరున్న పెద్దాయన, చిన్నాయన అంతే. బాబాయి, అన్న కొడుకు కావచ్చు, చుట్టరికమే లేకపోవచ్చు. పెద్దాయన పోతే జూనియర్ కాస్తా సీనియర్ అవుతాడు.

లక్ష్మీకాంత్: జూనియర్ అంటే కొడుకే కదండీ. మా ఆఫీసులో అందరూ అంతే.

పద్మజ: మీ ఆఫీసు 1782 నాటిదా?

విశ్వనాథం: ఆ జాబితాల్లో తేదీలు కొత్త పద్ధతిలోనే ఉంటాయి, భయం లేదు.

లక్ష్మీకాంత్: డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే ఒక్క రోజులో తేలిపోయేదానికి ఇంత చర్చ ఎందుకో.

భాస్కర్: ఎవరి డీఎన్ఏ? ఎవరితో పోల్చి?

సుధ: లూయీజాలో 1790ల వీలునామా ఒకటి కనిపిస్తోంది, చేతిరాత అర్థం కావట్లేదు. రేపు చూస్తా, వంట కాలేదు ఇంకా. థ్యాంక్సండీ అందరికీ.