డెసీ బీమ్ టైమ్: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

సిలికాన్_సీత: హాంబర్గ్‌లోని పార్టికల్ ఫిజిక్స్ ల్యాబ్ డెసీలో మాకు వారం బీమ్ టైమ్ (సెన్సర్‌ని కణాల బీమ్‌లో పెట్టి పరీక్షించే సమయం) ఇచ్చారు. పిక్సెల్ సెన్సర్ ఎఫిషియెన్సీ (దాటిన కణాల్లో ఎన్నింటిని పట్టింది), రిజల్యూషన్ (ఎక్కడ దాటిందో ఎంత కచ్చితంగా చెప్పింది) కొలవాలి. ఎనర్జీ ఎంత పెట్టుకోవాలి? కణం దారి (ట్రాక్) చూపించే టెలిస్కోప్‌లో సెన్సర్ ప్లేన్ల మధ్య దూరం ఎంత? ఒక్కో యాంగిల్‌కి ఎంత డేటా చాలు? నలుగురితో షిఫ్టులు నడుస్తాయా?

గుంటూరు_గామా: అవన్నీ తర్వాత. ముందు కేబుళ్ల పొడవు చూసుకోండి. బీమ్ ఉన్నంతసేపు లోపలికి ఎవరినీ పోనివ్వరు, ఇంటర్‌లాక్ ఉంటుంది. మా పక్క టీమ్ వాళ్లు పవర్ సప్లై లోపల పెట్టుకుని, అది హ్యాంగ్ అయినప్పుడల్లా బీమ్ ఆపించి తలుపు తీయించారు. రాత్రంతా అదే పని.

పయాన్_ప్రసాద్: అసలు బీమ్‌లో ఏమేం ఉన్నాయో తేల్చకుండా కొలతలేంటండీ? చెరెంకోవ్ కౌంటర్ పెట్టండి, వాయువులో కాంతి కంటే వేగంగా పోయే కణం ఇచ్చే వెలుగుని అది పడుతుంది. 3 జీఈవీ (కణాల ఎనర్జీ కొలత) దగ్గర కార్బన్ డయాక్సైడ్ పీడనం దాదాపు 2.5 బార్‌కి పెంచితేగానీ పయాన్ (ఎలక్ట్రాన్ కంటే బరువైన కణం) వెలగదు, ఎలక్ట్రాన్ మాత్రం చాలా తక్కువ పీడనానికే వెలుగుతుంది. ప్రోటాన్లకైతే టైమ్ ఆఫ్ ఫ్లైట్, అంటే ప్రయాణానికి పట్టే సమయం కొలవడం. 10 మీటర్లకి పయాన్ కంటే ఒకటిన్నర నానోసెకన్లు వెనకబడతాయి.

కోనసీమ_క్వార్క్: ప్రసాద్ గారూ, ఆవిడ అడిగింది డెసీ గురించి. అక్కడ పయాన్లు ఎక్కడివండీ? సింక్రోట్రాన్‌లో తిరిగే ఎలక్ట్రాన్లకి 7 మైక్రాన్ల కార్బన్ ఫైబర్ అడ్డం పెడతారు. ఫోటాన్లు పుడతాయి, అవి లోహపు రేకులో ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలవుతాయి, అందులోంచి కావలసిన మొమెంటమ్‌ని అయస్కాంతం ఏరి పంపుతుంది. మీ చెరెంకోవ్‌ని జెనీవా సెర్న్ ల్యాబ్‌లోనే ఉంచుకోండి.

పయాన్_ప్రసాద్: మాట కాస్త జాగ్రత్త. 2008 నుంచి సెర్న్ ఈస్ట్ ఏరియాలో బీమ్ చూస్తున్నవాణ్ణి. టైటిల్‌లో డెసీ ఉందని నాకూ కనిపిస్తోంది. రేపు ఆవిడ అక్కడి టీ9 బీమ్ లైన్‌కి వెళ్తే పనికొస్తుందనే చెప్పా.

కోనసీమ_క్వార్క్: రేపటిది రేపు చూద్దాం. సీత గారూ, 5 జీఈవీ పెట్టండి, ప్లేన్లు వీలైనంత దగ్గరగా పెట్టండి.

నెల్లూరు_న్యూట్రినో: 5 పెడితే రేటు (సెకనుకి వచ్చే ట్రాకులు) పడిపోతుంది. ఎక్కువ ట్రాకులు వచ్చేది 2, 3 జీఈవీల దగ్గరే.

కోనసీమ_క్వార్క్: రేటుని ఏం చేసుకుంటారు? 3 జీఈవీ ఎలక్ట్రాన్ 50 మైక్రాన్ల సిలికాన్ ప్లేన్ దాటితే సుమారు 0.075 మిల్లీరేడియన్లు పక్కకి తిరుగుతుంది. 10 సెంటీమీటర్లు పోయేసరికి 7 మైక్రాన్ల పైనే తేడా. రిజల్యూషన్ ఇక ఎక్కడ కొలుస్తారు?

వరంగల్_వేఫర్: గాలిని ఎందుకు వదిలేశారు? 16 సెంటీమీటర్ల గాలి అంటే అలాంటి ప్లేన్ ఇంకొకటి పెట్టినట్టే.

కోనసీమ_క్వార్క్: అయితే గాలి తీసేయమంటారా?

వరంగల్_వేఫర్: వెటకారం ఎందుకు? ట్రాక్ ఫిట్‌లో గాలి మెటీరియల్ కూడా పెట్టమంటున్నా, జనరల్ బ్రోకెన్ లైన్స్ అనే ఫిట్ పద్ధతి ఉన్నది అందుకేగా. పైగా ఆవిడ సెన్సర్‌కి కూలింగ్ బాక్స్ ఉంటే మధ్య ప్లేన్లు ఎలా దగ్గరవుతాయి? బాక్స్ కొలతలు అడక్కుండా దూరాలు చెప్పేస్తున్నారు.

సిలికాన్_సీత: కూలింగ్ బాక్స్ ఉంది. లోపల సెన్సర్‌కి అటూ ఇటూ కలిపి 12 సెంటీమీటర్లు.

వరంగల్_వేఫర్: చూశారా. సీత గారూ, అంతకంటే ముఖ్యమైంది ఒకటుంది, దాన్ని ఇక్కడ ఒక్కరూ ఎత్తలేదు. మీమోసా అనే చిప్‌ల ప్లేన్లున్న టెలిస్కోప్ అయితే దాని ఫ్రేమ్ (ఒకసారి మొత్తం చదవడానికి పట్టే సమయం) 115 మైక్రోసెకన్లు. మీది ఒకసారికి 25 నానోసెకన్లే చూసే చిప్ అనుకుందాం. ఆ ఒక్క ఫ్రేమ్‌లో మీ చిప్ చూడని ట్రాకులు కూడా వచ్చి పడతాయి. వాటినీ లెక్కేస్తే సెన్సర్ మంచిదైనా ఎఫిషియెన్సీ పడిపోయినట్టు కనిపిస్తుంది. వేగంగా చదివే రిఫరెన్స్ ప్లేన్ ఒకటి అడగండి. దాంట్లో హిట్ ఉన్న ట్రాకుల్నే లెక్కలోకి తీసుకోండి.

సిలికాన్_సీత: ఇది ఇవాళే మెయిల్ పెడతాను, థాంక్స్ అండీ. మరి డేటా?

నెల్లూరు_న్యూట్రినో: ఎఫిషియెన్సీ 99 శాతం దగ్గర ఉంటే, 10 వేల ట్రాకులకి ఎర్రర్ 0.1 శాతం. కానీ పిక్సెల్ లోపల ఎక్కడ తగ్గుతోందో మ్యాప్ కావాలంటే ఆ లెక్క చాలదు, లక్షల్లో కావాలి. అందుకే రేటు రేటు అని మొత్తుకుంటున్నది.

గుంటూరు_గామా: ఇంత తిప్పలెందుకు, కాస్మిక్ మ్యూయాన్లు ఫ్రీగా వస్తాయిగా!

నెల్లూరు_న్యూట్రినో: చదరపు సెంటీమీటరుకి నిమిషానికి ఒకటి. 10 వేలకి వారం పడుతుంది గామా అన్నా. అదీ ఏ వైపు నుంచి వస్తుందో, ఎంత ఎనర్జీయో మన చేతిలో ఉండదు.

గుంటూరు_గామా: ఇందోర్‌లో ఇండస్-2 అనే ఎలక్ట్రాన్ స్టోరేజ్ రింగ్ ఉంది, 2.5 జీఈవీ. అక్కడే ఒక టెస్ట్ బీమ్ లైన్ పెట్టుకుంటే వీసా టెన్షన్ కూడా ఉండదు కదా.

కోనసీమ_క్వార్క్: అది సింక్రోట్రాన్ కాంతి కోసం నడిచే మెషీన్. నిల్వ ఉన్న బీమ్‌కి ఫైబర్ అడ్డం పెడతానంటే కాంతి వాడుకునేవాళ్లు ఊరుకుంటారా? డెసీలో దెబ్బ తగిలేది బూస్టర్‌కి (రింగ్‌లోకి పంపే ముందు ఎనర్జీ పెంచే మెషీన్‌కి), స్టోరేజ్ రింగ్‌కి కాదు.

గుంటూరు_గామా: ఇందోర్‌లోనూ బూస్టర్ ఉంది మరి.

వరంగల్_వేఫర్: ఉంది, కానీ జీఈవీకి చాలా కింద. ఇప్పుడే స్కాటరింగ్ (కణం పక్కకి తిరగడం) గురించి ఇంత గొడవైంది, ఎనర్జీ తగ్గేకొద్దీ అది పెరుగుతుంది, దాంట్లో ఇంకెంత తిరుగుతుందో మీరే లెక్కేసుకోండి.

సిలికాన్_సీత: ప్లేన్లు బాక్స్‌కి ఆనించి, 4 జీఈవీతో మొదలుపెడతాం. షిఫ్టుల గురించి ఎవరూ చెప్పలేదు.

నెల్లూరు_న్యూట్రినో: నలుగురైతే కష్టం అమ్మా. రాత్రి ఒక్కరినీ ఉంచొద్దు. ఇంకో ఇద్దరిని తెచ్చుకోండి, వాళ్లలో ఒకరు మీ డీఏక్యూ (డేటా సేకరించే ప్రోగ్రామ్) రాసినవాళ్లై ఉండాలి.

కోనసీమ_క్వార్క్: ఇండస్ గొడవకి వేరే థ్రెడ్ పెట్టుకోండి.

పయాన్_ప్రసాద్: పెట్టాను. అక్కడ కూడా పార్టికల్ ఐడీ (ఏ కణమో గుర్తించడం) గురించి ఒక్కరూ అడగట్లేదు.